గడ్డ ఎంతని కాదు, ఎన్నో వంతని

ఒక పాఠకురాలు అడిగారు: "దక్షిణ కొరియాలో అంత గొప్ప వైద్యం ఉంది కదా, అక్కడ కూడా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి గడ్డ వరకే తీసి పంపేస్తున్నారట. మొత్తం తీసేస్తే పీడ విరగడవుతుంది కదా, ఈ బేరాలెందుకు?"

ఈ అనుమానం ఆమె ఒక్కరిదే కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా కలిపి తీసేసేవాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రం అన్న ఆ నమ్మకం డెబ్బై ఎనభై ఏళ్లు రాజ్యమేలింది. 1976లో అక్కడే బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ బృందం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 1,851 మంది స్త్రీలను 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితం చెప్పింది. గడ్డ మాత్రమే తీసి ఊరుకుంటే అదే రొమ్ములో దాదాపు 39 శాతం మందికి మళ్లీ వచ్చింది. గడ్డ తీసి రేడియేషన్ కూడా ఇస్తే అది 14 శాతానికి దిగింది. ఎంతమంది బతికారన్న లెక్కలో మాత్రం రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. ఇటలీలో వెరొనేసి అనే సర్జన్ 701 మందితో చేసిన పరీక్షా అదే చెప్పింది. ప్రాణం తీసేది రొమ్ములో మిగిలిన ముక్క కాదు, ఆపరేషన్‌కి ముందే ఎముకలకో కాలేయానికో చేరిన కణాలు. వాటిని ఏ కత్తీ అందుకోలేదు.

(కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని, బయాప్సీ సూది గుచ్చినా అంతేనని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. ఆ భయంతో నెలల తరబడి పసరు కట్టుకుని, గడ్డ పగిలాక వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా కోపం వస్తుంది, వాళ్ల మీద కాదు, చెప్పేవాళ్ల మీద.)

జవాబు ఇంతే అయితే వ్యాసం అక్కర్లేదు. నన్ను పట్టి లాగింది వేరే సంగతి. కొరియా రొమ్ము క్యాన్సర్ సంఘం 1996 నుంచి రోగుల వివరాలు సేకరిస్తోంది. ఆ లెక్కల్లో 2000లో రొమ్ము నిలుపుకునే ఆపరేషన్ మూడోవంతు మందికి కూడా జరగలేదు. పన్నెండేళ్లలో అది దాదాపు మూడింట రెండు వంతులకు చేరింది. ఫిషర్ తొలి ఫలితాలు 1985లోనే అచ్చయ్యాయి కదా, మరి 2000 నాటికి కూడా కొరియా సర్జన్లు ఎందుకు తటపటాయించారు? రేడియేషన్ యంత్రాలు, అలవాటు, భయం, అన్నీ కారణాలే. నాకు నచ్చిన కారణం మాత్రం పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉంది.

గోళం ఘనపరిమాణం గుర్తుందా? వ్యాసార్ధాన్ని మూడుసార్లు గుణించే సూత్రం. క్షేత్రమితి పాఠంలో ఐస్‌క్రీమ్ కోన్లు, ఇనుప గుండ్లు కరిగించి కరిగించి విసిగించారు తప్ప దానితో ఏం చెయ్యొచ్చో ఏ మాస్టారూ చెప్పలేదు. ఇప్పుడు చేద్దాం. 2 సెంటీమీటర్ల గడ్డ ఉంది. దాని ఘనపరిమాణం 4 మిల్లీలీటర్ల చిల్లర, ఒక చెంచా కూడా నిండదు. సర్జన్ గడ్డను గీకి తీయడు. చుట్టూ కొంత మంచి కండతో కలిపి తీస్తాడు. పాత పద్ధతిలో ఆ అంచు 1 సెంటీమీటరు. అంటే తీసే ముద్ద అడ్డంగా 4 సెంటీమీటర్లు, నిమ్మకాయంత. దాని ఘనపరిమాణం 33.5 మిల్లీలీటర్లు. అడ్డుకొలత రెట్టింపైతే ముద్ద ఎనిమిది రెట్లయింది! అందులో ఎనిమిదింట ఏడు వంతులు ఏ జబ్బూ లేని కండే.

ఇప్పుడు ఈ నిమ్మకాయను రెండు వేర్వేరు రొమ్ముల్లోంచి తీయండి. ఒకటి 700 మిల్లీలీటర్లది అనుకుందాం: పోయింది 5 శాతం లోపు, ఎవరూ కనిపెట్టలేరు. రెండోది 300 మిల్లీలీటర్లది: 11 శాతం పోయింది, కాస్త నొక్కు పడుతుంది. గడ్డ 3 సెంటీమీటర్లదైతే తీసే ముద్ద 65 మిల్లీలీటర్లు. పెద్ద రొమ్ములో 9 శాతం, చిన్న రొమ్ములో 22 శాతం. మామూలుగా ఐదోవంతు దాటితే ఆకారం చెడుతుందంటారు, లోపలి వైపు పైభాగంలో పదోవంతుకే చెడుతుంది. గడ్డా ఒకటే, దశా ఒకటే, బతికే అవకాశమూ ఒకటే. ఒకామెకు గడ్డ తీస్తే చాలు, ఇంకొకామెకు మొత్తం తీయాల్సి వస్తుంది. పాశ్చాత్య స్త్రీలతో పోలిస్తే కొరియా స్త్రీల రొమ్ములు సగటున చిన్నవి. అమెరికాలో పుట్టిన నియమం సియోల్‌లో అంత తేలిగ్గా ఒదగకపోవడానికి ఇది పెద్ద కారణం.

తీసే ముద్ద లవం, రొమ్ము హారం. ఈ భిన్నాన్ని మార్చాలంటే లవాన్ని తగ్గించాలి, లేదా హారాన్ని పెంచాలి. కొరియా సర్జన్లు రెండూ పట్టుకున్నారు.

లవంలో అన్నిటికన్నా ఖరీదైనది అంచు. 2014లో అమెరికా సర్జన్లు, రేడియేషన్ వైద్యులు కలిసి ఒక మార్గదర్శకం తెచ్చారు: తీసిన ముద్ద పైన పూసిన సిరా క్యాన్సర్ కణాలకు తగలకపోతే చాలు, సెంటీమీటర్ల లెక్క అక్కర్లేదు. అంచు 2 మిల్లీమీటర్లే వదిలారనుకోండి, 2 సెంటీమీటర్ల గడ్డకు తీసే ముద్ద 33 నుంచి 7 మిల్లీలీటర్లకు పడిపోతుంది. ప్రపంచమంతటా ఇన్ని రొమ్ములను నిలబెట్టినవాటిలో ఈ చిన్న నియమానికి ఏ కొత్త యంత్రానికీ తీసిపోని వాటా ఉందని నా ఉద్దేశం.

అంచు అంత పల్చనైనప్పుడు గురి తప్పకూడదు. థియేటర్‌లో జరిగేది చూడండి. ముద్ద బయటికి రాగానే దానికి దారాలు కుడతారు: పై వైపున పొట్టి దారం, పక్క వైపున పొడుగు దారం. లేకపోతే బల్ల మీద పెట్టాక ఏది పైనో ఏది కిందో బ్రహ్మకు కూడా తెలియదు. ఒక్కో ముఖానికి ఒక్కో రంగు సిరా పూస్తారు. రోగి మత్తులో ఉండగానే అంచుల ముక్కలను గడ్డకట్టించి, పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. దీన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. పసుపు వైపు కణాలు తగిలాయని పాథాలజిస్టు ఫోన్ చేస్తే సర్జన్ ఆ గోడ మాత్రం ఇంకో పొర తీస్తాడు. కొరియా పెద్దాసుపత్రుల్లో ఇది బాగా అలవాటైన పద్ధతి. చాలామందికి రెండో ఆపరేషన్ తప్పుతుంది.

లవాన్ని తగ్గించే రెండో దారి ముందు కీమో ఇవ్వడం. 3 సెంటీమీటర్ల గడ్డ అడ్డుకొలత సగానికి కుంచించుకుంటే ఘనపరిమాణం ఎనిమిదోవంతు అవుతుంది, అదే సూత్రం ఈసారి మన వైపు. ఒక్కోసారి గడ్డ పూర్తిగా మాయమవుతుంది. అప్పుడు సర్జన్ ఎక్కడ కోయాలి? అందుకే కీమోకి ముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్ వదులుతారు. ఒక చిక్కు ఉంది: కొన్ని గడ్డలు బంతిలా చిన్నవి కావు, చెల్లాచెదురుగా మిగులుతాయి. వాటి దగ్గర గోళం లెక్క పనికిరాదు. ఇలా ముందు కీమో తీసుకున్నవాళ్లలో ఆపరేషన్ ఒక పరీక్ష కూడా: తీసిన ముక్కలో ఇంకా కణాలు మిగిలితే మందు మార్చాలి. జపాన్, కొరియా కలిసి 910 మందితో చేసిన క్రియేట్-ఎక్స్ అనే అధ్యయనం (2017) ఇలాంటివాళ్లకు కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు ఇస్తే అయిదేళ్లు బతికినవాళ్లు 83.6 నుంచి 89.2 శాతానికి పెరిగారని చూపించింది.

హారం సంగతి. పోయిన చోటును పక్క కండతో సర్దుతారు. చాలకపోతే వీపు కండరాన్ని రక్తనాళాలతో సహా చంక కింద నుంచి తిప్పి తెచ్చి నింపుతారు. అదీ కుదరకపోతే రొమ్ము తీసి, అదే మత్తులో కొత్తది కడతారు. 2015 ఏప్రిల్ నుంచి కొరియా జాతీయ ఆరోగ్య బీమా ఈ పునర్నిర్మాణం ఖర్చులో సగం భరిస్తోంది. అక్కడ మామూలు క్యాన్సర్ చికిత్సకు రోగి కట్టేది 5 శాతమే, దీనికి మాత్రం 50. క్యాన్సర్ తీయడం వైద్యం, రొమ్ము కట్టడం సగం అలంకారం అన్నట్టుంది ఈ లెక్క. నాకు నచ్చలేదు. అయినా 2015 తర్వాత పునర్నిర్మాణాలు వేగంగా పెరిగాయి. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లతో (రొమ్ములో అమర్చే కృత్రిమ సంచులతో) లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ వస్తోందని తేలడంతో 2019లో అలెర్గాన్ కంపెనీ వాటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. కొరియాలో తొలి కేసు బయటపడిందీ ఆ ఏడాదే. చంకలోంచి చిన్న కోతతో రోబో చేసే మాస్టెక్టమీకి (రొమ్ము మొత్తం తీసే ఆపరేషన్‌కి) కూడా అక్కడ మోజు బాగా ఉంది. మచ్చ కనిపించదు, నిజమే. క్యాన్సర్ మళ్లీ రాకుండా ఉండటంలో రోబో మెరుగని మాత్రం ఎవరూ నిరూపించలేదు; 2019లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ వాడకం మీద హెచ్చరిక కూడా చేసింది.

చంక గ్రంథుల దగ్గరా కోత తగ్గుతూనే ఉంది. గ్రంథులన్నీ తీస్తే అయిదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. ముందు కాపలా ఉండే ఒకటి రెండు గ్రంథులే తీస్తే ఇరవైమందిలో ఒకరికి. అసలు అవి కూడా ముట్టుకోకపోతే? చంక అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉన్న చిన్న గడ్డలవాళ్లు 1,405 మందిని ఇటలీ వైద్యుల నాయకత్వంలోని సౌండ్ అధ్యయనం రెండు జట్లు చేసింది. అయిదేళ్లకు దూరపు అవయవాలకు పాకకుండా ఉన్నవాళ్లు గ్రంథులు తీసిన జట్టులో 97.7 శాతం, ముట్టుకోని జట్టులో 98. కొరియాలో ఇదే ప్రశ్నతో 1,734 మంది లక్ష్యంగా నాటిలస్ అనే అధ్యయనం 2020లో మొదలైంది. రొమ్ములు దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో సరిగా కనబడక అల్ట్రాసౌండ్‌లో చెయ్యి తిరిగిన దేశం కదా, ఈ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకుంది.

ఇక చివరి అంకె. కొరియాలో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో అయిదేళ్లు బతికేవారు 1990ల మొదట్లో 79 శాతం, ఇప్పుడు 94 దగ్గర. సర్జన్లకు మొత్తం ఘనత ఇవ్వకండి. 40 దాటిన ప్రతి స్త్రీకీ రెండేళ్లకోసారి మామోగ్రామ్ ఉంది కనుక సగానికి మించి 0, 1 అనే తొలి దశల్లోనే దొరుకుతున్నాయి. ముందే దొరికితే, ఆయుష్షు పెరగకపోయినా, దొరికాక బతికిన కాలం పొడుగ్గా కనిపిస్తుంది. మందులూ మారాయి.

ఇంకొకటి: కొరియాలో ఈ జబ్బు చిన్న వయసులో వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అరవై దాటినవాళ్లు ఎక్కువైతే, కొరియాలో చాలాకాలం నలభైల్లో ఉన్నవాళ్లదే పెద్ద గుంపు. భారతదేశంలోనూ దాదాపు ఇదే తీరు. నెలసరి ఆగని వయసులో అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటాయి, కొన్ని క్యాన్సర్లకు అదే మేత. అందుకే కొరియా వైద్యులు ఆస్ట్రా అధ్యయనంలో, కీమో అయ్యాక కూడా అండాశయాలు పనిచేస్తున్న 45 ఏళ్ల లోపు స్త్రీలకు ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రతో పాటు రెండేళ్లు అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు అయిదేళ్లకు 87.5 నుంచి 91.1 శాతానికి, ఎనిమిదేళ్లకు 80.2 నుంచి 85.4కి పెరిగారు. అయిదుకీ ఎనిమిదికీ మధ్య రెండు జట్లలోనూ అంకె దిగిందని గమనించండి. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్ అయిదేళ్లు దాటాక కూడా తిరిగొస్తుంది. 5 శాతమే కట్టే రాయితీ మాత్రం కొరియాలో అయిదేళ్లకు ముగుస్తుంది. జబ్బు మిగిలి ఉంటేనో తిరగబెడితేనో పొడిగిస్తారు.