సంగటి మీద టీ తాగితే కడుపులో తయారయ్యేది సిరానే

అనంతపురంలో మాకు తెలిసిన ఒకామె అడిగింది, "అన్నా, టీ గుండెకి మంచిదని ఫోన్లో వీడియోల్లో చెప్తాండారు, మా డాక్టరమ్మేమో నీకు రక్తం తక్కువుంది, టీ తగ్గించు అంటాంది, ఎవరి మాట వినల్ల?" అని. ఇద్దరి మాటా నిజమే. టీలో ఏ పదార్థాలు మేలు చేస్తాయని చెప్తారో, రక్తం దగ్గర అడ్డం పడేదీ అవే, అందుకే నాకీ ప్రశ్న భలే నచ్చింది.

గుండె సంగతి త్వరగా చెప్పేస్తా. 2022లో బ్రిటన్ నుంచి ఒక పెద్ద పరిశీలన వచ్చింది, దాదాపు 5 లక్షల మందిని సుమారు 11 ఏళ్లు గమనిస్తే, రోజుకి రెండు కప్పులో అంతకన్నా ఎక్కువో తాగేవాళ్లకి చనిపోయే ముప్పు అసలు తాగనివాళ్ల కన్నా 9 నుంచి 13 శాతం తక్కువ కనపడింది, పాలు పోసుకున్నా చక్కెర వేసుకున్నా పెద్ద తేడా రాలేదు. అయితే అది టీ వల్లేనని తేల్చే పరీక్ష కాదు, ఊరికే గమనించిన లెక్క. మేలు ఉంటే అందులో ఎక్కువ భాగం టీకి వగరిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలదని అనుకుంటారు, ఎండిన టీ ఆకు బరువులో దాదాపు పావు వంతు అవే.

ఇప్పుడు అసలు కథకొస్తాం. రక్తం తయారవ్వల్లంటే ఇనుము కావల్ల, టీ అడ్డం పడేది ఆ ఇనుముకే, ఎట్లో సిరాతో చెప్తా. పాతకాలంలో కరక్కాయలు నానబెట్టి కాచి, అందులో అన్నభేది వేసి సిరా చేసేవాళ్లు. కరక్కాయలో ఉండేది టానిన్లు, అంటే పాలీఫినాల్సే. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు. రెండూ కలిసి గాలి తగిలితే ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారతాది (ఇనుముకి ఇవి రెండు రూపాలు), టానిన్‌లో పక్కపక్కనే ఉన్న మూడు హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) చేతుల్లాగా ఆ ఇనుముని గట్టిగా పట్టుకుంటాయి, నల్లటి పదార్థం తయారై కాగితానికి అతుక్కుపోతాది. ఇంటర్‌లో ఫినాల్ కనుక్కోవడానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగొచ్చేది గుర్తుందా? దాదాపు అదే కెమిస్ట్రీ. పిల్లోళ్ల చేత రంగు పేరు బట్టీ పట్టిస్తారే గానీ, రోజూ మీ అమ్మ టీ గ్లాసులో జరిగేది ఇదేనని ఒక్క మాట చెప్పరు, అది నాకు చాలా బాధ. తుప్పు పట్టిన మేకు ఒకటి పాలు లేని డికాషన్‌లో వేసి రాత్రంతా పెట్టి చూడండి, పొద్దున్నకి నల్లగా అయిపోతాది (తాగొద్దు, పారబోయండి).

టీ ఆకులో ఉండే కాటెకిన్లు అనే పాలీఫినాల్స్‌లో చాలావాటికి ఈ మూడు చేతుల గుంపే ఉంటాది, ఆకు నల్లబడేటప్పుడు అవి థియాఫ్లావిన్లు అనే ఇంకో రకం పాలీఫినాల్స్‌గా మారినా ఆ చేతులు చాలావరకు పోవు. మనం రాగి సంగటి తిని వెంటనే టీ తాగితే రాగుల్లోని ఇనుముని అవి పట్టేసుకుంటాయి. చిన్నపేగు మొదట్లో ఇనుముని లోపలికి తీసుకునే ద్వారం ఒకటుంది, డీఎంటీ1 అని ఒక ప్రోటీన్, అది విడిగా కరిగి ఉన్న ఫెర్రస్ ఇనుమునే రానిస్తాది, టానిన్ పట్టుకున్నదాన్ని రానీదు, అది అట్లే బయటికి పోతాది. 1999లో అచ్చైన ఒక పరీక్షలో రొట్టెతో పాటు బ్లాక్ టీ ఇస్తే ఇనుము ఒంటికి పట్టడం 79 నుంచి 94 శాతం తగ్గింది. పాలు పోస్తే ఈ గొడవ పోతాదనుకుంటారు, అదే పరీక్షలో పాలు పోసినా పెద్ద మార్పేం రాలేదు. మాంసంలోని ఇనుము మాత్రం హీమ్ అనే చట్రంలో దాక్కుని వేరే దారిలో పోతాది కాబట్టి దానికి దెబ్బ తక్కువ.

టీ తాగితే నల్లబడతారని ఆడపిల్లల్ని భయపెట్టే మాట ఇప్పటికీ వింటాం. ఒంటి రంగు చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తాది, టీకీ దానికీ సంబంధమే లేదు. భయపెట్టాల్సింది రక్తం గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. గర్భిణులకి సర్కారు ఇచ్చే ఎర్ర మాత్రల్లో తరచుగా ఉండేది ఆ అన్నభేదే, ఫెర్రస్ సల్ఫేటే! దాన్ని టీతో మింగితే కడుపులో సిరా కలిపినట్టే కదా. నీళ్లతోనో నిమ్మరసంతోనో మింగండమ్మా.

నిమ్మకాయ ఎందుకంటే విటమిన్ సి ఫెర్రిక్‌ని మళ్లీ ఫెర్రస్‌గా మార్చి, టానిన్ చేతికి చిక్కకుండా కరిగించి ఉంచుతాది. ఉగ్గానిలో నిమ్మకాయ పిండుకుంటాం చూడండి, అది చాలా మంచి పని. ఉగ్గాని తిన్న వెంటనే టీ అంగడికి పరిగెత్తకుండా ఒక గంట ఆగితే ఇంకా మంచిది, గంట తేడాతో తాగితే అడ్డం బాగా తగ్గుతాదని పరీక్షల్లో తేలింది.

ఇంకో మాట, మన అనంతపురం వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. టీ చెట్టు కూడా మట్టిలోంచి ఫ్లోరైడ్ లాక్కుని ఆకుల్లో దాచుకుంటాది, ముదురాకులో ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లతో టీని గంటల తరబడి మరిగిస్తే రెండూ కలిసి చిక్కబడతాయి, అందుకే టీకి కూడా ఫ్లోరైడ్ తీసేసిన ఫిల్టర్ నీళ్లే వాడండి.

ఇనుము ఎక్కువై బాధపడేవాళ్లూ ఉంటారు. హీమోక్రొమటోసిస్ అనే జబ్బులో పేగు అవసరానికి మించి ఇనుము లాగేసి కాలేయంలో పోగేస్తాది. అట్లాంటి రోగులు అన్నంతో పాటు బ్లాక్ టీ తాగితే ఇనుము పోగయ్యే వేగం తగ్గిందని జర్మనీ డాక్టర్లు 1998లో చూపించినారు. రక్తం తక్కువున్న ఆమెకి వద్దన్న పనే వాళ్లకి చికిత్సకి తోడుగా పనికొచ్చింది, అదీ సరిగ్గా తిండితో పాటు తాగితేనే.