బోగీల మధ్య హార్మోనియం

నిడదవోలు నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. “కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లేటప్పుడు వంతెన చివర రైలు వంపు తిరుగుతుంది కదండీ. కిటికీలోంచి చూస్తే ముందు బోగీలన్నీ కనిపిస్తాయి. అంత వంకర తిరిగినప్పుడు రెండు బోగీల మధ్య ఉండే ఆ నల్ల రబ్బరు గుడ్డ ఎందుకు చిరిగిపోదు?”

ఆ అమ్మాయి అడిగినది వెస్టిబ్యూల్ గురించి. ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి నడిచి వెళ్లడానికి ఉండే దారి, దాని చుట్టూ మడతలు మడతలుగా ఉండే తొడుగు. ఆ దారి దగ్గర నిలబడి టీ తాగినవాళ్లు లక్షల్లో ఉంటారు. దాన్ని పరీక్షగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. కప్లింగులు (బోగీలను కలిపే కొక్కేలు), బఫర్లు (బోగీ కొసల్లో ఉండే స్ప్రింగు దిమ్మెలు), బ్రేకుల సంగతి ఇక్కడ చెప్పను, అవి పోటీ పరీక్షల గైడ్లన్నింట్లోనూ ఉంటాయి. నాకు ఆసక్తి ఆ మడతల మీద.

ముందు వంతెన సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్కకి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు రెండూ నడిచే వంతెన 1974లో వచ్చింది. పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. 91.5 మీటర్ల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) 27, 45.72 మీటర్ల స్పాన్లు 7. ఈ చిన్న స్పాన్లలో ఆరు రాజమండ్రి వైపు 6 డిగ్రీల వంపులో కట్టారు. అటువైపు ఊరు అప్పటికే గట్టుదాకా ఇళ్లతో నిండిపోయి ఉంది మరి. పక్కనే ఉన్న 1997 నాటి ఆర్చి వంతెనకు ఫొటోల్లో అందం ఎక్కువ. కానీ ఇవాళ్టి పాఠానికి ఈ పాతదే కావాలి.

రైల్వే భాషలో 6 డిగ్రీల వంపు అంటే, పట్టా మీద 30.5 మీటర్లు, అంటే వంద అడుగులు, ముందుకెళ్తే దిశ 6 డిగ్రీలు మారుతుందని. మన రైల్వే ఇంజనీర్లు 1750ని డిగ్రీలతో భాగించి వ్యాసార్థం తెలుసుకుంటారు. 1750ని 6తో భాగిస్తే సుమారు 292 మీటర్లు. మద్రాసు పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుంచి తయారైన ఐసీఎఫ్ రకం బోగీ బఫర్లతో కలిపి 22.3 మీటర్లు ఉంటుంది. 30.5 మీటర్లకి 6 డిగ్రీలైతే 22.3 మీటర్లకి 4.4 డిగ్రీలు. అంటే వంపు మీద ఒక్కో బోగీకి, దాని పక్క బోగీకి మధ్య కోణం 4.4 డిగ్రీలే. కిటికీలోంచి చూస్తే అర్ధచంద్రాకారంలో కనబడే రైలు, ఒక్కో కీలు దగ్గర తిరిగేది ఇంతే.

వెస్టిబ్యూల్ తొడుగు ఒక మీటరు వెడల్పు అనుకుందాం. ఒక మీటరు మీద 4.4 డిగ్రీలంటే ఏడున్నర సెంటీమీటర్ల చిల్లర. అంటే వంపు లోపలివైపు తొడుగు 3.8 సెంటీమీటర్లు దగ్గరకు నొక్కుకోవాలి, బయటివైపు 3.8 సెంటీమీటర్లు విచ్చుకోవాలి. గుడ్డ సాగి ఈ పని చేస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు సాగదు. సాగకూడదు కూడా, సాగే గుడ్డైతే ఏడాది తిరక్కుండానే వేలాడిపోతుంది. రబ్బరు పూత పూసిన ఆ గుడ్డ లోపల గట్టి నూలు నేత ఉంటుంది. మరి సాగకుండా పొడవు ఎలా మారుతుంది?

హార్మోనియం చూసినవాళ్లకి జవాబు తెలుసు. గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్లకి దాని తిత్తిని వర్ణించి చెప్పక్కర్లేదు. వెనకవైపు పలక ఒక అంచున కీలు మీద తిరుగుతూ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మధ్యలో అట్టముక్కలు, వాటిని కలుపుతూ గుడ్డో తోలో ఉంటుంది. అట్ట సాగదు, తోలూ సాగదు. మడత కోణం మాత్రమే మారుతుంది. రైలు తొడుగుదీ అదే పని. పది మడతలున్నాయనుకోండి. బయటివైపు విచ్చుకోవలసిన 3.8 సెంటీమీటర్లను పది మంది పంచుకుంటే తలా 4 మిల్లీమీటర్లకు తక్కువే. మడత ఒక్కో ముఖం 10 సెంటీమీటర్లు, మడతకూ మడతకూ దూరం 5 సెంటీమీటర్లు అనుకుని లెక్కేస్తే, ఒక్కో మడత రెండు డిగ్రీల పైచిలుకు ఎక్కువ తెరుచుకుంటుందంతే.

ఈ పోలికని ఇక్కడితో వదలబుద్ధి కావడం లేదు. హార్మోనియం గాలి కొడుతుంది, రైలు తొడుగు ఎందుకు కొట్టదు? హార్మోనియంలో కీలు అంచున ఉంది. పలక తెరుచుకుంటే తిత్తి ఘనపరిమాణం పెరుగుతుంది, మూసుకుంటే తగ్గుతుంది. ఆ తేడాయే గాలిగా స్వరాల మీదికి వెళ్తుంది. రైల్లో మాత్రం బోగీలు తిరిగేది దారి మధ్యలో ఉన్న కప్లింగు దగ్గర. కీలు మధ్యలో ఉంటే ఒక సగం కోల్పోయిన ఘనపరిమాణాన్ని ఇంకో సగం సరిగ్గా సంపాదించుకుంటుంది. మొత్తం మారదు, గాలి కదలదు. కానీ డ్రైవరు బ్రేకు వేసినప్పుడు బఫర్లు నొక్కుకుని రెండు బోగీలూ 5 సెంటీమీటర్లు దగ్గరకు వచ్చాయనుకోండి. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు దారిలోంచి 100 లీటర్ల గాలి ఒక్కసారి ఎటో ఒకవైపు పోవాలి. అలాంటప్పుడు అదీ ఒక ఊపిరి వదిలే హార్మోనియమే.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం. వంపు ఈ తొడుగుకి కష్టమే కాదు. కష్టమంతా స్టేషన్ యార్డులో ఉంది.

బోగీ కింద రెండు ట్రాలీలుంటాయి, ముందొకటి వెనకొకటి, ఒక్కోదానికి నాలుగు చక్రాలు. పట్టాని పట్టుకుని నడిచేవి ఆ రెండే. బోగీ పెట్టె తిన్నని కర్ర లాంటిది, వంగదు. వంపు మీద రెండు ట్రాలీల మధ్య భాగం వంపు లోపలికి జరుగుతుంది, ట్రాలీలు దాటి బయటికి పొడుచుకొచ్చిన కొసలు వంపు బయటికి జరుగుతాయి. ఎంత జరుగుతాయో చెప్పడానికి వృత్తాల పాఠం చాలు. జ్యా సగాన్ని అదే సగంతో గుణించి వ్యాసంతో భాగిస్తే జ్యాకీ చాపానికీ మధ్య దూరం వచ్చేస్తుంది. వృత్తాల సిద్ధాంతాలను రాజమండ్రి వంతెన బొమ్మ లేకుండా, ‘నిరూపించుము’ అని మాత్రమే చెప్పే బళ్లంటే నాకు కోపం. రైలు కనబడే కిటికీ ఉన్న క్లాసురూములో కూడా బోర్డు మీద ఊహా వృత్తమే గీస్తారు!

ట్రాలీల మధ్య దూరం 14.783 మీటర్లు, పెట్టె పొడవు 21.337 మీటర్లు. 292 మీటర్ల వంపు మీద బోగీ నడుము 9 సెంటీమీటర్ల పైన లోపలికి, కొసలు 10 సెంటీమీటర్లు బయటికి జరుగుతాయి. అయితే ఒకే వంపు మీద ఉన్న రెండు బోగీల కొసలూ ఒకే వైపుకి, ఒకే కొలతలో జరుగుతాయి. అంటే ఎదురెదురు ద్వారాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగానే ఉంటాయి, కాస్త కోణం తప్ప. తొడుగుకి హార్మోనియం పని తప్ప వేరే పని లేదు.

యార్డులో అలా కాదు. మెయిన్ లైను నుంచి పక్క లైనుకి మారేటప్పుడు బండి ఒకసారి ఎడమకి, వెంటనే కుడికి తిరుగుతుంది. ముందు బోగీ కొస ఒకవైపుకి, వెనక బోగీ కొస రెండో వైపుకి పోతుంది. రెండు జరుగుళ్లూ కలుస్తాయి. మన బ్రాడ్‌గేజిలో బాగా వాడే ‘1 కి 12’ టర్నవుట్ (లైను మారే చోటు) వంపు వ్యాసార్థం 441 మీటర్లు, అంటే వంతెన వంపు కన్నా చాలా నెమ్మది వంపు. అయినా ఐసీఎఫ్ బోగీలకి ఎదురెదురు ద్వారాల మధ్య పక్కవాటు తేడా 13 సెంటీమీటర్ల దాకా వెళ్లగలదు. 23.54 మీటర్ల పొడవున్న, జర్మనీ డిజైనుతో వచ్చిన కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీల కొసలు ఇంకా ఎక్కువ పొడుచుకొస్తాయి కాబట్టి వాటికి 19 సెంటీమీటర్ల దాకా. రెండు వంపుల మధ్య తిన్నని ముక్క ఉంటుంది గనుక పట్టా మీద జరిగేది ఇంతకు తక్కువే, కానీ తొడుగు తయారుచేసేవాళ్లు ఈ లెక్కకే సిద్ధపడాలి. బండి స్టేషన్లోకి నెమ్మదిగా వస్తుంటే కాళ్ల కింద ఇనప పలకలు ఒకదాని మీద ఒకటి పక్కకి జారడం ఇప్పుడు గమనించండి. గీతలు పడిన ఆ పలకలు ఒక బోగీకి ఒకటి, ఇంకో బోగీకి ఒకటి బిగించి, కొస మీద కొస ఆనించి వదిలేసినవి.

హార్మోనియం పలకని పక్కకి లాగి చూడండి (సొంతదైతేనే). మడతల అంచుల్లో జిగురు ఊడిపోతుంది. అట్ట తన తలంలో తాను వాలలేదు. రైలు తొడుగులో అట్ట ఉండదు, అందుకే తప్పించుకుంటుంది. పది మడతలకి ఇరవై ముఖాలు. ఐసీఎఫ్ 13 సెంటీమీటర్ల తేడాని ఇరవై మంది పంచుకుంటే తలా 0.65 సెంటీమీటరు. 10 సెంటీమీటర్ల ముఖం అంత వాలితే పైథాగరస్ ప్రకారం దాని కర్ణం 10.021 సెంటీమీటర్లు, అదనం అర మిల్లీమీటరు కూడా కాదు. గుడ్డ నేతలో పడుగు, పేక ఒకదానితో ఒకటి కోణం మార్చుకుంటే ఆ మాత్రం సర్దుకుపోతుంది.

ఇంకా రెండు కదలికలు ఉన్నాయి, వేగంగా చెప్పేస్తాను. నిండా జనం ఉన్న బోగీ స్ప్రింగుల మీద కుంగుతుంది, ఖాళీది లేచి ఉంటుంది. మన బఫర్ల ఎత్తు 1105 నుంచి 1030 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని నియమం, కాబట్టి 7.5 సెంటీమీటర్ల ఎత్తు తేడా వరకు తొడుగు భరించాలి. వంపులోకి ప్రవేశించే చోట బయటి పట్టా మెల్లగా ఎత్తవుతుంది కనుక ఒక బోగీ పక్క బోగీ కన్నా డిగ్రీ మేర పక్కకి ఒరుగుతుంది. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి.

మడతలకి అసలు శత్రువు మూలలు. మడత లోపలి అంచు చుట్టుకొలత తక్కువ, బయటి అంచు చుట్టుకొలత ఎక్కువ. లోతు 10 సెంటీమీటర్లైతే చతురస్రపు మూలలున్న తొడుగులో ఈ తేడా మొత్తం 80 సెంటీమీటర్లు, మూలకి 20. మడత విచ్చుకున్నప్పుడు లోపలి అంచు, బయటి అంచు దగ్గరకు రావాలి, అప్పుడు ఆ 20 సెంటీమీటర్ల మిగులు గుడ్డ మూలలో ఒకే చోట కుప్పపడుతుంది. మూలని గుండ్రం చేస్తే తేడా మొత్తం 63 సెంటీమీటర్లకి తగ్గుతుంది, పైగా ఆ మిగులు చాపం పొడవునా పరుచుకుంటుంది. హార్మోనియం చేసేవాళ్లు మూలల్లో మెత్తటి తోలు ముక్కలు అతికించేదీ ఇందుకే. మెట్రోల్లో, వందే భారత్‌లో తొడుగుల మూలలు గుండ్రంగా ఎందుకున్నాయో ఈసారి చూసినప్పుడు తెలుస్తుంది. 2023 సంక్రాంతికి విశాఖ, సికింద్రాబాద్ మధ్య మొదలై రాజమండ్రిలో ఆగే వందే భారత్ పూర్తిగా మూసిన తొడుగులున్న రైలు కాబట్టి గాలిమోత, దుమ్ము లోపలికి రావు.

ఎల్‌హెచ్‌బీలో సాధారణంగా మడతలే ఉండవు. తలుపు చుట్టూ బోలుగా, లావుగా ఉండే రబ్బరు చుట్ట ఉంటుంది. రెండు బోగీలు తగులుకోగానే చుట్టలు ఎదురెదురుగా ఒకదానికొకటి నొక్కుకుంటాయి. కదలికంతా ఆ బోలు రబ్బరు నలగడంలోనూ, ఒకదాని మీద ఒకటి జారడంలోనూ సరిపోతుంది. తొడుగుని చేత్తో పట్టి బిగించాల్సిన పని లేదు, సెంటర్ కప్లరు తగులుకున్నప్పుడే ఇదీ మూసుకుంటుంది. ఇంజనీరింగుగా చక్కటి పరిష్కారం, మడతలున్న తొడుగంత అందం మాత్రం లేదు.

ఒక పక్కదారి. గోదావరి దాటేటప్పుడు తలుపు దగ్గరికి వచ్చి నాణెం వేసి దణ్ణం పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాగి నీటిని శుద్ధి చేస్తుంది కాబట్టి పెద్దలు పెట్టిన ఆచారమని వాట్సాప్‌లో ఒక వివరణ తిరుగుతుంది. ఇవాళ్టి రూపాయి నాణెం స్టెయిన్‌లెస్ స్టీలు, గోదావరికి దానితో ఏ లాభమూ లేదు. దణ్ణం పెట్టుకోండి, అది మీ ఇష్టం, తలుపు దగ్గర ఒక చెయ్యి మాత్రం కడ్డీ వదలకుండా ఉంచండి.

తొడుగు చివరికి ఎందుకు పాడవుతుంది? దగ్గరగా చూస్తే మడత శిఖరాల వెంబడి సన్నటి సమాంతర పగుళ్లు కనిపిస్తాయి, లోయల్లో ఉండవు. ఎండకి పగిలిందంటారు. ఎండ ఒక్కటే కాదు, గాలిలో కొద్దిగా ఉండే ఓజోన్ కూడా కారణం. సహజ రబ్బరు అణువుల వెన్నెముకలో కార్బన్ల మధ్య ద్విబంధాలుంటాయి, ఓజోన్ వాటిని తెంచేస్తుంది. వదులుగా ఉన్న రబ్బరుకి ఇది పైపైన జరిగి ఆగిపోతుంది. లాగి పట్టిన రబ్బరులో తెగిన చోట పగులు విచ్చుకుని లోపలి తాజా రబ్బరుని ఓజోన్‌కి అందిస్తుంది. మడత శిఖరం బయటివైపు ఎప్పుడూ లాగబడే ఉంటుంది, కాబట్టి పగుళ్లు అక్కడే వస్తాయి. అందుకే ద్విబంధాలని క్లోరిన్ నెమ్మదింపజేసే నియోప్రీన్, వెన్నెముకలో ద్విబంధాలే లేని ఈపీడీఎం లాంటి కృత్రిమ రబ్బర్లు వాడతారు.

ఇదంతా ఎప్పుడు మొదలైందంటే, బ్రిటన్‌లో విక్టోరియా రాణి కోసం 1869లో చేసిన రెండు సెలూన్ల (ప్రత్యేక విలాస బోగీల) మధ్య ఇలాంటి తొడుగు పెట్టారు. ఆమె మాత్రం రైలు ఆగేదాకా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచేది కాదట. 1887లో అమెరికాలో పుల్‌మన్ కంపెనీ స్ప్రింగులతో ఒత్తుకునే ఇనప చట్రాలున్న వెస్టిబ్యూల్‌తో రైలు నడిపింది. ఆ చట్రాల మధ్య రాపిడి వల్ల బోగీల ఊగిసలాట కూడా తగ్గింది.

పక్కవాటు తేడానే లేకుండా చేయడానికి ఒక మార్గం ఉంది. రెండు బోగీల కొసల్ని ఒకే ట్రాలీ మీద కూర్చోబెట్టడం. దీన్ని జాకబ్స్ బోగీ అంటారు (ఇంగ్లీషులో బోగీ అంటే మనం ట్రాలీ అంటున్నదే), ఫ్రాన్సు హైస్పీడు రైళ్లు టీజీవీల్లో ఉండేది ఇదే. కొస పట్టా మీదే ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చే ముక్కే లేదు. యార్డులో ఎన్ని మెలికలు తిరిగినా ఎదురెదురు ద్వారాలు పక్కకి తప్పుకోవు, తొడుగుకి కోణం ఒక్కటే మిగులుతుంది. కానీ ఒక బోగీ పాడైతే దాన్ని విప్పి పక్క లైన్లో పెట్టడం కుదరదు, రైలు మొత్తాన్ని షెడ్డుకి తీసుకెళ్లి జాకీల మీద ఎత్తాలి. పైగా ట్రాలీల సంఖ్య దాదాపు సగమవుతుంది కాబట్టి ఒక్కో ఇరుసు మీద బరువు పెరుగుతుంది, దాన్ని తగ్గించడానికి బోగీల పొడవు తగ్గించాలి. టీజీవీ మధ్య బోగీ మన ఎల్‌హెచ్‌బీ కన్నా సుమారు 5 మీటర్లు పొట్టి.