దొరలు వెళ్లిపోయిన ప్రతిసారీ: హైతీలో మిషన్ల వెనుక కథ

2021 అక్టోబరు 16న కరీబియన్ దేశమైన హైతీలో, రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు తూర్పున గాంతియే దగ్గర ఒక అనాథాశ్రమాన్ని చూసి తిరిగివస్తున్న మిషన్ బస్సును ‘400 మావోజో’ అనే ముఠా అటకాయించింది. బస్సులో 17 మంది ఉన్నారు. పదహారుగురు అమెరికన్లు, ఒకరు కెనడియన్. ఐదుగురు పిల్లలు, వాళ్లలో చిన్నవాడికి ఏడాది కూడా నిండలేదు. ముఠా తలకు పది లక్షల డాలర్లు అడిగింది. కొందరిని ముందే వదిలేశారు. చివరికి మిగిలిన పన్నెండు మంది డిసెంబరు మధ్యలో ఒక రాత్రి తప్పించుకుని, చీకట్లో ముళ్లపొదల మధ్య నడిచి బయటపడ్డారు.

అంత ప్రమాదమని తెలిసీ వాళ్లు ఎందుకు వెళ్లారని అప్పట్లో అందరూ అడిగారు. నాకు మాత్రం అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. ఆ బస్సును పంపిన, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న ఒక సంస్థ చూడవలసినన్ని అనాథాశ్రమాలు హైతీలో ఎందుకున్నాయి? దీనికి జవాబు కావాలంటే మూడు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

హైతీ సువార్త అందని దేశం ఎన్నడూ కాదు. ఫ్రెంచి వలసగా ఉన్న కాలంలో, 1685 నాటి ‘నల్ల చట్టం’ ప్రకారం బానిసలందరికీ కథోలిక బాప్తిస్మం తప్పనిసరి. చెరకు తోటలో కొరడా పట్టుకున్నవాడూ, దెబ్బ తిన్నవాడూ ఒకే మతం కిందికి వచ్చారు. ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న దైవాలను ఆ బానిసలు వదులుకోలేదు, పునీతుల పటాల వెనుక నిలబెట్టారు. తాళంచెవులు పట్టుకున్న పేతురు బొమ్మలో వాకిళ్లు తెరిచే లెగ్బాను చూశారు. కాళ్ల దగ్గర పాములున్న పాట్రిక్ బొమ్మలో నాగదైవం దంబలాను చూశారు. ‘ల్వా’లను, అంటే ఆఫ్రికా మూలాలున్న ‘వోడూ’ మతపు దైవాలను, కొలవాలంటే ముందు కథోలికుడై ఉండాలని పల్లెల్లో చెప్పుకునేవారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఆ ఊళ్లలో అది మామూలు మాటే.

1804 జనవరి 1న బానిసలే గెలిచి స్వతంత్ర దేశాన్ని నిలబెట్టుకున్నారు. దాన్ని గుర్తించడానికి రోమ్ 1860 వరకు ఒప్పుకోలేదు. ఆ యాభై ఆరేళ్లలో పద్ధతి ప్రకారం వచ్చిన ఫాదర్లు లేరు, బిషప్‌లు లేరు. పెళ్లికీ చావుకీ ప్రార్థన చదవడానికి పల్లెల్లో ‘పె సవాన్’లు, అంటే గురుపట్టం లేని నాటు పూజారులు, పుట్టుకొచ్చారు. కంఠతా వచ్చిన నాలుగు లాటిన్ ముక్కలే వాళ్ల చదువు. వెలివేయబడిన సంఘం తన బాగోగులు తానే చూసుకోవడం అలా మొదలైంది.

ఆ ఖాళీలోకే మొదటి ప్రొటెస్టెంట్లు వచ్చారు. 1817లో ఇద్దరు బ్రిటిష్ మెథడిస్టులు పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో దిగారు. మరుసటి ఏడాది చివరికే వెళ్లిపోవలసి వచ్చింది. వాళ్లు వదిలివెళ్లిన కొద్దిమంది ఇళ్లలో ప్రార్థనలు జరుపుకున్నారు. రాళ్లు పడ్డాయి, అరెస్టులు జరిగాయి, సంఘం మాత్రం నిలిచింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇదే కథ తర్వాత చాలాసార్లు జరుగుతుంది.

వచ్చినవాళ్లందరూ తెల్లవాళ్లు కాదు. 1824 నుంచి అధ్యక్షుడు బోయే ఆహ్వానం మీద అమెరికాలోని నల్లజాతివారు వేల సంఖ్యలో ఓడలెక్కి వచ్చారు. తమ సంఘాలనూ వెంట తెచ్చుకున్నారు. 1861లో జేమ్స్ థియోడోర్ హోలీ అనే నల్లజాతి పాస్టరు న్యూ హేవెన్ నుంచి వందమందికి పైగా జనంతో వచ్చాడు. మొదటి ఏడాదిలోనే జ్వరాలు ఆయన తల్లినీ, భార్యనూ, ఇద్దరు పిల్లలనూ మింగేశాయి. తోటివాళ్లలో ఎందరో తిరిగి వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. 1874లో బిషప్ అయ్యాడు, 1911లో అక్కడే కన్నుమూశాడు. హైతీ ఎపిస్కోపల్ సంఘానికి పునాది ఆయనే.

కథోలిక సంఘం ఇంకో దారిన నడిచింది. 1860 ఒప్పందం తర్వాత ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతం నుంచి ఫాదర్లు, బ్రదర్లు, సిస్టర్లు వచ్చారు. మంచి బడులు పెట్టారు. ఆ బడుల్లో ఫ్రెంచి భాష, పట్టణాల్లోని కలవారి పిల్లలు. ఇంట్లో జనభాష క్రియోల్ మాట్లాడే రైతు బిడ్డకు బడిలో మొదటి రోజే నోరు పడిపోయేది. హైతీలో పుట్టిన మనిషి మొదటిసారి కథోలిక బిషప్ అయింది 1953లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు నూటయాభై ఏళ్లకు.

సర్కారు బడులు ఏమయ్యాయని అడగవచ్చు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ బానిసలకూ పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలని హైతీ మెడ మీద కత్తి పెట్టింది. తర్వాత దాన్ని తొమ్మిది కోట్లకు తగ్గించారు. అయితే ఆ బాకీ తీర్చడానికి చేసిన అప్పుల మీది అప్పులు 1947 దాకా నడిచాయి. బడికీ ఆసుపత్రికీ పోవలసిన డబ్బు పారిస్‌కు పోయింది. మిషన్ బడులు వెలిసిన చోటు ఆ బాకీ మిగిల్చిన చోటే. ఇప్పటికీ హైతీలో ప్రాథమిక బడుల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి, వాటిలో చాలావరకు సంఘాలవి.

అమెరికా సైన్యం 1915 నుంచి 1934 వరకు దేశాన్ని తన చేతిలో పెట్టుకుంది. ఆ తర్వాత అమెరికన్ మిషన్లు జోరందుకున్నాయి. 1941–42లో కథోలిక సంఘం ప్రభుత్వ అండతో ‘మూఢనమ్మకాల నిర్మూలన’ ఉద్యమం నడిపింది. వోడూ గుళ్లను కూల్చారు, డోళ్లను కుప్పపోసి తగలబెట్టారు, జనం చేత ప్రమాణాలు చేయించారు. దానికి సంఘం ఎన్ని సాకులు చెప్పినా, పల్లె మనసులో ఆ మంట ఆరలేదు. తర్వాత ప్రొటెస్టెంట్ పాస్టర్లు కూడా డోళ్ల మీద అదే కత్తి నూరారు. వాళ్లలో చేరినవాళ్లకు మాత్రం తమ లెక్కలు తమకున్నాయి. ల్వాలకు పెట్టే మొక్కుబడులు, మేకలు, విందులు పేదవాడిని అప్పులపాలు చేసేవి. ‘కొన్వెతి’ అయితే, అంటే మతం మారితే, ఆ బాకీ నుంచి విడుదల. ఇందులో భక్తి లేదని నేననను. లెక్క కూడా ఉందంటున్నాను.

ఈ చరిత్రలో నాకు ముచ్చటగా తోచే ఘట్టం అక్షరాలది. 1940లలో ఓర్మండ్ మెకానెల్ అనే ఐరిష్ మెథడిస్టు మిషనరీ, అక్షరాస్యత నిపుణుడు ఫ్రాంక్ లాబాక్‌తో కలిసి క్రియోల్‌కు ఉచ్చారణను బట్టి రాసే లిపి పద్ధతి తయారు చేశాడు. ‘క’కు కే, ‘వ’కు డబుల్ యూ వాడటంతో పోర్ట్-ఓ-ప్రిన్స్ పెద్దమనుషులు మండిపడ్డారు. ఇవి ఆంగ్లేయుల అక్షరాలు, వెనకదారిన అమెరికా వస్తోంది అన్నారు. వాదన దశాబ్దాలు సాగింది. 1985లో బైబిలు మొత్తం క్రియోల్‌లో వచ్చింది. 1987 రాజ్యాంగం క్రియోల్‌ను అధికార భాషను చేసింది. రైతు తన భాషలో తాను వాక్యం చదువుకోగలిగాక, దొర లేకుండానే ప్రార్థన నడపగలిగాడు. మిషన్లు కట్టించిన ఏ భవనమూ ఇంత పని చేయలేదని నా అభిప్రాయం.

ఎదురు మాట్లాడే ఫాదర్లంటే నియంత దువాలియేకు గిట్టేది కాదు. 1964లో జెసూట్ సభ ఫాదర్లను వెళ్లగొట్టాడు. 1983లో పోప్ రెండో జాన్ పాల్ వచ్చి, ఇక్కడ ఏదో ఒకటి మారాలి అన్నప్పుడు గద్దె మీద ఉన్నది ఆయన కొడుకు. మూడేళ్లు తిరగకముందే ఆ కొడుకు పారిపోయాడు.

అదే కాలంలో పల్లెను కుంగదీసిన సంగతి ఇంకొకటుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో 1980ల మొదట్లో హైతీ నల్లపందులన్నిటినీ చంపించారు. రైతుకు పందే బ్యాంకు. బడి ఫీజు సమయానికి ఒకదాన్ని అమ్ముకునేవాడు. బదులుగా అమెరికా నుంచి వచ్చిన పందులకు సిమెంటు నేల, కొన్న దాణా కావాలి. జనం వాటికి ‘నాలుగు కాళ్ల యువరాజులు’ అని పేరు పెట్టారు. 1995లో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని మూడు శాతానికి కోసేశారు. అమెరికా బియ్యం వచ్చి అర్తిబొనిత్ లోయలోని వరి రైతును ముంచింది. ఈ విధానానికి బిల్ క్లింటన్ 2010లో బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు.

ఫీజు కట్టలేని తల్లి, భోజనం పెట్టి చదివిస్తామనే చోటికి బిడ్డను తీసుకెళ్తుంది. ఆ చోటుకు విదేశీ సంఘాలు అనాథాశ్రమమని పేరు పెట్టాయి. లూమోస్ అనే సంస్థ 2017లో చెప్పిన ప్రకారం సుమారు 750 ఆశ్రమాల్లో 30,000 మంది పిల్లలున్నారు. వారిలో ఐదింట నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2010 జనవరి 12 భూకంపం తర్వాత కొద్ది రోజులకే, అమెరికా నుంచి, ఎక్కువమంది ఐడహో రాష్ట్రం నుంచి, వచ్చిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లలను కాగితాలు లేకుండా సరిహద్దు దాటిస్తూ పట్టుబడ్డారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అమ్మానాన్నలున్నారని తేలింది. 2020 ఫిబ్రవరిలో, లైసెన్సు లేకుండా ఒక అమెరికన్ మతసంస్థ నడిపిన ఆశ్రమంలో మంటలంటుకుని 15 మంది పిల్లలు పోయారు. కరెంటు లేక, జనరేటర్ పనిచేయక, వెలుతురు కోసం కొవ్వొత్తులు వాడారని బతికి బయటపడినవారు చెప్పారు.

హైతీలో మిషన్ పనికి రోజువారీ గండం ఈ కొవ్వొత్తే. డీజిల్ దొరికితే ఆసుపత్రిలో ఫ్రిజ్ నడుస్తుంది, లేకపోతే టీకాలు పాడవుతాయి. మందుల కంటెయినర్ రేవులో నెలల తరబడి పడి ఉంటుంది. బజారుకు వెళ్తే ‘హైతీ డాలరు’ లెక్క. అలాంటి నోటు ఎక్కడా లేదు. అమెరికన్ల ఏలుబడి నాటి మారకం అలవాటు మిగిలి, హైతీ డబ్బు ఐదు గూర్డులను ఒక డాలరంటారు. కొత్తగా వచ్చిన మిషనరీ మొదటి వారంలోనే ఆ లెక్కలో తప్పుతాడు. మంచిమనసుతో పంపిన పాత బట్టలు ‘పెపె’ పేరుతో సంతకెక్కి, ఊరి దర్జీ కుట్టుమిషను మూలపడుతుంది. బయటివాడు నల్లగా ఉన్నా పసుపుపచ్చగా ఉన్నా ‘బ్లాన్’ అనే పిలుస్తారు. మాటకు అర్థం తెల్లవాడని, వాడుకలో మాత్రం పరదేశి అని. మదర్ థెరిసా సిస్టర్ల కాన్వెంటులో ఉండే భారతీయ కన్యాస్త్రీ కూడా అక్కడ బ్లానే.

2021 జూలైలో అధ్యక్షుడు మొయీజ్ హత్య తర్వాత ముఠాల పట్టు బిగిసింది. రాజధాని నుంచి బయటికి వెళ్లే దారులన్నీ వాళ్ల చేతిలోకి వెళ్లాయి. 2024 మార్చిలో భారత ప్రభుత్వం కూడా ‘ఆపరేషన్ ఇంద్రావతి’ పేరుతో మనవాళ్లను హెలికాప్టర్లలో పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కు తరలించింది. అదే ఏడాది నవంబరులో విమానాల మీద కాల్పులు జరిగాక, పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు అమెరికా విమానాలు ఆగిపోయాయి. రెండు వారాలకు వచ్చి గోడకు రంగు వేసి, ఫొటో దిగి వెళ్లే బృందాల కాలం దానితో ముగిసినట్టే.

మిగిలింది హైతీ పాస్టర్లు. వాళ్లు దేవదూతలేమీ కారు. 2023 ఆగస్టులో కనాన్ అనే వాడలో ఒక పాస్టరు విశ్వాసుల చేతికి కత్తులూ కర్రలూ ఇచ్చి ముఠా మీదికి నడిపించాడు. తుపాకుల ముందు ఆ కత్తులు ఎందుకూ కొరగాలేదు, కనీసం ఏడుగురు పోయారు. 2021లో గుడ్ ఫ్రైడే ముందురోజు ఆరాధన ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా ప్రసారమవుతుండగానే ముష్కరులు లోపలికొచ్చి పాస్టరునూ మరో ముగ్గురినీ ఎత్తుకుపోయారు. ఇలాంటివాళ్లకు ఎక్కి వెళ్లిపోవడానికి ఏ దేశపు హెలికాప్టరూ రాదు.

2024 మే 23న పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ఒక మిషన్ ఆవరణలోకి ముఠాలు చొరబడి ముగ్గురిని చంపాయి. ఒక అమెరికన్ యువజంట ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మూడో మనిషి ఆ మిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన హైతీ డైరెక్టరు. ఆయన పేరు తెలుసుకోవాలంటే చాలా వార్తల్లో కింది పేరాల దాకా చదవాల్సి వచ్చింది.