ఫాదర్ అవ్వాలనుకునే కుర్రాళ్ల గురించి కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి జూన్ నెలాఖరు దాకా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను ఒక కతోలిక మిషనరీ కాంగ్రిగేషన్‌లో (సన్యాస సభలో) గురువును, అంటే ఫాదర్‌ను. పదిహేనేళ్లుగా కుర్రాళ్ల శిక్షణలోనే ఉన్నాను. మొదట్లో ఊరూరా తిరిగి దైవపిలుపు ఉందనుకునే పిల్లల్ని కలిసేవాణ్ణి, తర్వాత సెమినరీకి (గురువుల శిక్షణాలయానికి) వచ్చాను, ఇప్పుడు నోవిషియేట్ (సభలో మొదటి ప్రతిజ్ఞకు ముందు ఉండే ఏడాది శిక్షణ) చూసుకుంటున్నాను. ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది ఎవరో ఎక్కడో అన్న మాటే. "చేరాక ఇంటికి రానివ్వరంట కదా ఫాదర్?", "మా ఎకరం పొలం మీకు రాసివ్వాలంట కదా?" ఇలా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది. అన్నిటి మీదా సమానంగా రాయలేను, నన్ను ఎక్కువ బాధపెట్టేవాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: "మొక్కుకున్నాం కాబట్టి వాణ్ణి పంపాల్సిందే"

"వీడు పుట్టినప్పుడు బతుకుతాడో లేదో అన్నారు ఫాదర్, బతికితే దేవుడికే ఇచ్చేస్తానని గుణదల మాతకు మొక్కుకున్నాను." ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లకు వచ్చే తల్లుల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. ఆ తల్లి కన్నీళ్లను నేను తక్కువ చేయను. కానీ మొక్కు తల్లిది, పిలుపు మాత్రం కొడుక్కి రావాలి. ఇది నా సొంత అభిప్రాయం కాదు. 1983లో వచ్చిన శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో 643వ నియమం ఉంది. బలవంతం వల్లగానీ, తీవ్రమైన భయం వల్లగానీ, మోసపోయిగానీ ఎవరైనా నోవిషియేట్‌లో చేరితే ఆ చేరిక చెల్లదు. 17 ఏళ్లు నిండకుండా చేర్చుకున్నా చెల్లదు. అమ్మ మొక్కు తీర్చకపోతే ఇంట్లో ఏదో కీడు జరుగుతుందని వణికిపోతూ వచ్చినవాడి భయాన్ని మేం చాలా గంభీరంగానే తీసుకోవాలి.

అందుకే ఇంటికి వెళ్లినప్పుడు టీ తాగేసి కుర్రాణ్ణి ఒక్కణ్ణీ బయటకు తీసుకెళ్తాను, చెరువు గట్టు మీదో పొలం గట్టు మీదో కాసేపు నడుస్తాం. "అమ్మ మొక్కు సంగతి నేను అమ్మతో మాట్లాడతాను, నీకేం కావాలో చెప్పు బాబూ" అంటాను. ఒకసారి ఒక కుర్రాడు అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. వాడికి పాలిటెక్నిక్ చదవాలని ఉంది, ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ తట్టుకోలేదని భయం. తిరిగి ఇంట్లోకి వెళ్లి ఆ తల్లికి సమూవేలు కథ చెప్పాను. బైబిల్లో అన్నా అనే తల్లి తన కొడుకు సమూవేలును షిలోలో యాజకుడు ఏలీ దగ్గర ఒప్పజెప్పింది, నిజమే. అయినా దేవుడు ఆ పిల్లవాణ్ణి రాత్రిపూట పేరు పెట్టి పిలిచాడు, వాడు తన నోటితోనే జవాబు చెప్పాడు. అది దేవుడి స్వరమని ఏలీకే మూడోసారికి గానీ అర్థం కాలేదు. మా పని ఆ ఏలీ పనే. పిల్లవాడికి వినడం నేర్పాలి తప్ప వాడి తరఫున మేం జవాబు చెప్పకూడదు. మొక్కు గురించి మనసులో బరువు ఉంటే మీ విచారణ (మీ గుడి పరిధి) గురువుతో మాట్లాడండి, ఆ బరువు దించే మార్గం శ్రీసభలో ఉంది. పిల్లవాడి మీద మాత్రం పెట్టకండి.

అపోహ: "తిండికీ చదువుకీ గతిలేని పిల్లలే వెళ్తారు"

మా దగ్గరికి వచ్చేవాళ్లలో పేద కుటుంబాల పిల్లలు, దళిత కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏముంది? హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు కర్నూలు ప్రాంతం వారు, పేదరికం వల్ల ఏడో తరగతితోనే చదువు ఆగిపోయిన పిల్లవాడు. 2022 ఆగస్టు 27న కార్డినల్ (శ్రీసభలో పోపు తర్వాతి పెద్దల్లో ఒకరు) అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయనే, దళితుల్లోనూ మొదటివారే. పేదవాడి పిలుపు తక్కువ రకం పిలుపు అనుకునేవాళ్లు ఆయన జీవితాన్ని ఒకసారి చూడాలి.

అయితే కేవలం చదువు కోసమే వచ్చేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మాకూ తెలుసు. కానీ ఆ ఒక్క కారణంతో ఎక్కువ కాలం నిలవడం కష్టం, ఎందుకంటే దారి చాలా పొడవు. ఇంటర్, చాలా చోట్ల డిగ్రీ, ఒక ఏడాది నోవిషియేట్, తత్త్వశాస్త్రం, మధ్యలో ఏడాదో రెండేళ్లో హాస్టల్లోనో విచారణలోనో పని, తర్వాత దైవశాస్త్రం. తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపే కనీసం ఆరేళ్లు ఉండాలని చట్టం. 25 ఏళ్లు నిండకుండా సాధారణంగా గురుపట్టాభిషేకం లేదు, డీకన్ పట్టం (గురుపట్టానికి ముందు మెట్టు) అయ్యాక కూడా కనీసం ఆరు నెలలు ఆగాలి. పదో తరగతి అయ్యాక చేరినవాడికి పన్నెండు, పదమూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు మొదటి ఏడాది ఇంగ్లిష్‌తో పడే టెన్షన్ నేను కళ్లారా చూస్తుంటాను. రెండు మూడేళ్లలో వాడే అరిస్టాటిల్‌నీ అక్వినాసునీ చదువుతాడు, మన శంకరుణ్ణీ రామానుజుణ్ణీ కూడా చదువుతాడు.

అపోహ: "ఒకసారి చేరితే బయటకు రానివ్వరు"

దీనికి సగం కారణం సినిమాలు, సగం కారణం మేం సరిగ్గా చెప్పకపోవడం. నోవిషియేట్ అంటే 12 నెలలు ప్రార్థనలో, మౌనంలో, తోటపనిలో, కాంగ్రిగేషన్ నియమావళి చదువుకోవడంలో గడిపే కాలం. ఆ ఏడాది కాలేజీ ఉండదు, పరీక్షలు ఉండవు, మా దగ్గర ఫోన్ కూడా ఉండదు (ఆదివారం ఇంటికి మాట్లాడిస్తాం). బయట నుంచి చూసేవాళ్లకు అది జైలులా అనిపించవచ్చు. కానీ ఆ ఏడాదిలో ఏ రోజైనా "నేను వెళ్తాను ఫాదర్" అనే హక్కు వాడికి ఉంది, 653వ నియమం ఆ మాటే చెబుతోంది. నోవిషియేట్ తర్వాత ఇచ్చే మొదటి మాటపట్టు (పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తానని చేసే ప్రతిజ్ఞ) కూడా కొంత కాలానికే. ఆ తాత్కాలిక కాలం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లు, అవసరమైతే తొమ్మిదేళ్ల దాకా సాగవచ్చు. గడువు పూర్తయ్యాక మళ్లీ మాటపట్టు ఇవ్వకుండా వెళ్లిపోవచ్చు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. అదంతా దాటాకే, అదీ 21 ఏళ్లు నిండాకే, నిత్య మాటపట్టు, అంటే జీవితాంతానికి ఇచ్చేది. ఇన్ని తలుపులు తెరిచి ఉంచడానికి కారణం ఒక్కటే, వెళ్లే స్వేచ్ఛ ఉన్నవాడే నిజంగా ఉంటాననగలడు.

అసలు సమస్య మా గేటు దగ్గర లేదు. వాడి ఊళ్లో ఉంది.

అపోహ: "మధ్యలో వచ్చేశాడంటే ఏదో తప్పు చేసే ఉంటాడు"

ఇది రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టానేమో. ఏడేళ్లు శిక్షణలో ఉన్న ఒక బ్రదర్ తన దారి ఇది కాదని ప్రార్థించి, ఆలోచించి, మాతో నెలల తరబడి మాట్లాడి తేల్చుకున్నాడు. అంతా అయ్యాక నాతో అన్నమాట, "ఫాదర్, ఇంటికి వెళ్లడానికి భయం లేదు, ఆదివారం పూజకు వెళ్లాలంటే భయంగా ఉంది." వాడు చెప్పింది అక్షరాలా నిజం. చేరినప్పుడు ఊళ్లో పూలదండ వేసి, గుడి ముందు ఫొటో తీసి, ఫ్లెక్సీ కట్టి పంపిస్తారు. తిరిగి వస్తే అదే మనుషులు "ఎందుకు పంపించేశారంట?" అని గుసగుసలు పోతారు. "పంపించేశారు" అనే మాట వాడతారు చూడండి, వాడే వచ్చాడని ఎవరికీ తోచదు. ఆ భయంతోనే పిలుపు లేదని తెలిసీ ఉండిపోయినవాళ్లు ఉన్నారు, గురువులైపోయినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లూ సుఖపడలేదు, వాళ్ల విచారణలూ సుఖపడలేదు. ఊరి పరువు కోసం ఒక మనిషి జీవితాంతం తనది కాని అంగీ వేసుకుని తిరగాలా?

శిక్షణ కాలం ఉన్నదే తేల్చుకోవడానికి. "కాదు" అని తేలితే శిక్షణ తన పని తాను చేసినట్టే. తిరిగి వచ్చిన ఒక కుర్రాడి తండ్రి బస్టాండ్‌కు బండి మీద వచ్చి బ్యాగు అందుకుని "తిన్నావా నాన్నా?" అని మాత్రమే అడిగాడట, ఇంకేమీ అడగలేదట. ఆ కుర్రాడు ఇప్పుడు టీచరు, వాళ్ల ఊరి గుడిలో పాటలు నేర్పిస్తాడు.

ఇక్కడ మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. నాతోపాటు చేరిన స్నేహితుడొకడు ఎనిమిదేళ్ల తర్వాత బయటకు వచ్చాడు. అంత చదివినా యూనివర్సిటీ గుర్తింపు ఉన్న డిగ్రీ చేతిలో లేదు, ఉద్యోగాల చుట్టూ తిరుగుతున్న ఆ రోజుల్లో వాణ్ణి పలకరించినవాళ్లు తక్కువ. వెళ్లిపోయినవాళ్లు చేసిన పనికి ప్రతిఫలం అడిగే హక్కు చట్టంలో లేదు, కానీ వాళ్లపట్ల న్యాయంగా, సువార్త ప్రేమతో ఉండాలని అదే 702వ నియమం సంస్థను ఆదేశిస్తోంది. ఆ రెండో సగాన్ని మర్చిపోకూడదు. తల్లిదండ్రులారా, చేర్చేముందే అడగండి: మా అబ్బాయికి గుర్తింపు ఉన్న డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుంది? సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి? ఈ ప్రశ్నకు విసుక్కునే చోటికి పంపకండి.

అపోహ: "ఆస్తి రాసివ్వాలి" / "ఫాదర్లకు బోలెడు డబ్బు"

ఈ రెండూ ఒకే మనిషి నోట ఒకే రోజు విన్నాను. ఇంట్లో వచ్చే వాటా మీద హక్కు మొదటి మాటపట్టుతో పోదు. దాని నిర్వహణ మాత్రం తనకు నచ్చినవాళ్లకు అప్పగించాలి. అన్నకో చెల్లికో అప్పగించవచ్చు. నిత్య మాటపట్టుకు ముందు వీలునామా రాయాలి, ఎవరి పేరున అన్నది అతని ఇష్టం. ఇక మాటపట్టు ఇచ్చాక అతను సంపాదించే జీతం కాంగ్రిగేషన్‌ది, అందుకే "కొడుకు ఫాదర్ అయితే ఇల్లు కడతాడు" అనుకుని పంపకండి. మేత్రాసన గురువుల (ఏ సభలోనూ చేరకుండా బిషప్ కింద పనిచేసే ఫాదర్ల) సంగతి వేరు, వాళ్లు పేదరికపు మాటపట్టు ఇవ్వరు, సాదాసీదాగా బతకాలన్నది మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది. ఈ తేడా మన విచారణల్లో చాలామందికి తెలియదు.

అపోహ: "మిషనరీ అంటే తెల్లవాళ్లు" / "మతం మార్చడానికి ట్రైనింగ్ ఇస్తారు"

ఒకప్పుడు వచ్చింది తెల్లవాళ్లే. 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతపు అన్నెసీ నుంచి విశాఖపట్నం వచ్చినవాళ్లు, 1855లో మిలాన్ నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లు, ఆ తర్వాత నెల్లూరు, గుంటూరు వైపు వచ్చిన లండన్ మిల్‌హిల్ సభ వాళ్లు ఈ ఎండలో జ్వరాలతో తెలుగు నేర్చుకుని ఇక్కడే మట్టిలో కలిశారు. ఇప్పుడు మన పిల్లలు బయటకు వెళ్తున్నారు. 1984లో ఏలూరులో పుట్టిన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ సభ గురువులు ఆఫ్రికాలో, పాపువా న్యూగినీలో పనిచేస్తున్నారు. వెళ్లినవాడు మొదట చేసేది ప్రసంగం కాదు, నోరు మూసుకుని భాష నేర్చుకోవడం, వాళ్లు పెట్టింది తినడం.

మతం సంగతి సూటిగా చెబుతాను. సువార్త చెప్పడం మా జీవితం, దాన్ని దాచను. కానీ ఎవరినీ బలవంతంగానో ఆశ చూపించో విశ్వాసంలోకి లాగకూడదని 1965లో రెండవ వాటికన్ మహాసభ మిషనరీ పని గురించి ఇచ్చిన పత్రంలోనే గట్టిగా నిషేధించింది. మేం కుర్రాళ్లకు నేర్పేది అదే. ఎవరి ఇంట్లోనైనా వాళ్ల దేవుడి పటం ముందు చెప్పులు విడిచి నిలబడటం తెలియనివాణ్ణి నేనైతే మిషన్‌కు పంపను.

అపోహ: "పెళ్లంటే ఇష్టం లేనివాళ్లకే బ్రహ్మచర్యం"

పెళ్లంటే అసహ్యం ఉన్నవాణ్ణి, ఆడవాళ్లతో మామూలుగా మాట్లాడలేనివాణ్ణి చూస్తే మాకు కంగారు వేస్తుంది. మంచి భర్త, మంచి తండ్రి కాగల కుర్రాడే మంచి గురువు కాగలడు. వీటి గురించి ఇప్పుడు తెరిచి మాట్లాడతాం, అవసరమైతే సైకాలజిస్టు సాయం తీసుకుంటాం. మా తరానికి ఆ అవకాశం తక్కువ.

పిల్లలపై జరిగిన అఘాయిత్యాల వార్తలు చదివి తల్లులు అడుగుతారు. అడగాలి. తెలిసిన నేరాన్ని దాచకుండా పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం అందరినీ ఆదేశిస్తోంది, ఫాదర్లకు మినహాయింపు లేదు. 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు (పోపు) కూడా గురువులూ మఠవాసులూ ఇలాంటివి తమ పైవాళ్లకు తప్పనిసరిగా తెలియజేయాలని చట్టం చేశారు. ఇవి మా క్లాసులో మొదటి ఏడాదే చెబుతాం. పిల్లల భద్రత పట్ల నిర్లక్ష్యంగా ఉన్న కుర్రాడికి ఎంత భక్తి ఉన్నా, ఎంత బాగా పాడినా, మా దగ్గర వాడి దారి అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: "ఫాదర్ కాలేకపోతే బ్రదర్ అవుతారు"

కాదు. బ్రదర్ అంటే గురుపట్టం తీసుకోకుండా మాటపట్టుతో సభలో జీవించేవాడు. ఆ జీవితం పూర్తి పిలుపు, గురుపట్టం దాని తర్వాతి మెట్టు కాదు. మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ లాంటి సభల్లో ఉన్నవాళ్లంతా బ్రదర్సే, మన ఊళ్లలో ఎన్ని స్కూళ్లు నడుపుతున్నారో చూడండి. శిక్షణలో ఉన్న కుర్రాళ్లను కూడా బ్రదర్ అని పిలవడం వల్ల ఈ గందరగోళం వచ్చింది.

అపోహ: "ఉద్యోగంలో చేరాను, ఇక వయసు దాటిపోయింది"

ఇరవై ఐదేళ్లకు వచ్చినవాళ్లను చాలా కాంగ్రిగేషన్లు సంతోషంగా చూస్తాయి, ముప్పై దగ్గర పడినా అడగడంలో తప్పులేదు, వయసు పరిమితి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ముందు మీ విచారణ గురువును కలవండి, ఇంట్లో అప్పులుంటే ఆ విషయం మొదటే చెప్పండి, తీర్చలేని అప్పులున్నవాళ్లను చేర్చుకోకూడదని మాకు నియమం ఉంది. తర్వాత మూడు నాలుగు వారాంతాలు మాతో ఉండి చూడండి, ఉదయం ప్రార్థన నుంచి రాత్రి అంట్లు తోమడం దాకా. ఉద్యోగానికి రాజీనామా చేసి రాకండి. సెలవు పెట్టి రండి.