ఏడో నెల దాటాక ల్యాబ్ పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

చివరి నెలల్లో చీటీ మీద రాసే ల్యాబ్ పరీక్షలు బిడ్డను నేరుగా కొలవవు. తల్లి రక్తం, మూత్రం చూసి లోపల బిడ్డకు ఏ ముప్పు రావచ్చో అంచనా వేస్తాం, అంతే. కింది అపోహల్లో సగం ఈ సంగతి తెలియక పుట్టినవే.

అపోహ: నెలలు నిండాక దురద మామూలే, పొట్ట సాగి వస్తుంది.

పొట్ట మీద చారలు పడేచోట వచ్చేది చాలావరకు అంతే. దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురదపెట్టి, రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే మాత్రం అది గర్భంలో వచ్చే కాలేయ జబ్బు (కొలెస్టాసిస్) కావచ్చు, సీరం బైల్ యాసిడ్స్ (రక్తంలోని పిత్త ఆమ్లాలు) పరీక్ష చేయించాలి. ఒక్క ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష)తో సరిపెట్టకండి. అందులోని ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ నార్మల్‌గా ఉండి బైల్ యాసిడ్స్ పెరిగినవాళ్లు ఉంటారు. పరగడుపున రావక్కర్లేదు. తిన్నాక ఈ విలువ పెరుగుతుంది కాబట్టి పరగడుపు శాంపిల్‌లో అసలు ఎత్తు తెలియకపోవచ్చు. లీటరుకు 40 మైక్రోమోల్స్ దాటితే తీవ్రం. 100 చేరితే బిడ్డ కడుపులోనే పోయే ముప్పు స్పష్టంగా పెరుగుతుంది, 36 వారాల దగ్గరే కాన్పు ఆలోచిస్తారు. మొదటిసారి నార్మల్ వచ్చినా దురద పోకపోతే వారం ఆగి మళ్లీ చేయించాలి. ఈ జబ్బులో నిన్నటి ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని గమనించే పరీక్ష) బాగుందన్న ధైర్యం చాలదు. ప్రమాదం చెప్పకుండా వస్తుంది. అందుకే కాన్పు తేదీకి ఆ అంకె అంత ముఖ్యం.

అపోహ: ఐసీటీ (తల్లి రక్తంలో బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు వెతికే కూంబ్స్ పరీక్ష) పాజిటివ్ అంటే బిడ్డ రక్తకణాలు విరిగిపోతున్నట్టే.

ముందు అడగాల్సిన ప్రశ్న: యాంటీ-డి ఇంజెక్షన్ ఎప్పుడు వేశారు? ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి 28 వారాలప్పుడు 300 మైక్రోగ్రాములు వేస్తాం. ఆ మందే యాంటీబాడీ. తర్వాత కొన్ని వారాల పాటు కూంబ్స్ పరీక్షలో అదే కనిపిస్తుంది, టైటర్ (యాంటీబాడీ ఎంత ఉందో చెప్పే అంకె) సాధారణంగా 1:4 దాటదు. కాబట్టి ముందు శాంపిల్, తర్వాత ఇంజెక్షన్. వరస తప్పినా, చీటీ మీద ఇంజెక్షన్ తేదీ రాయకపోయినా ల్యాబ్ వాళ్లు చూసినదే రాస్తారు, ఇంట్లో గుండెలు బాదుకుంటారు. టైటర్ 1:16కి చేరితే కథ వేరు: బిడ్డ మెదడులోని రక్తనాళానికి డాప్లర్ స్కాన్ చేసి రక్తహీనత ఉందేమో చూస్తారు. కాన్పయ్యాక బిడ్డ గ్రూపు పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరో డోసు.

అపోహ: 24 గంటల మూత్రం పట్టి ప్రొటీన్ కొలిచే పరీక్షలో ఒకసారిది బయట పోతే ఏమవుతుంది?

ప్రొటీన్ తక్కువగా తేలుతుంది, బీపీతో ముడిపడ్డ జబ్బు దొరకకుండా పోతుంది. ఉదయం 7కి మొదలుపెడితే అప్పటి మూత్రం బాత్రూంలోనే పోయాలి. ఆ తర్వాతిదంతా, మర్నాడు 7 గంటలది కూడా, డబ్బాలోకే. డబ్బాను చల్లటి చోట ఉంచాలి. 300 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కువ కింద లెక్క. ఇంత తంటా పడలేనివాళ్లకు ఒక్క శాంపిల్‌తో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చూడవచ్చు. అక్కడ గీత 0.3.

అపోహ: ఉమ్మనీరు తీసి ఊపిరితిత్తులు పండాయో లేదో చూస్తే ముహూర్తానికి ఆపరేషన్ పెట్టుకోవచ్చు.

ఉమ్మనీటిలోని రెండు కొవ్వు పదార్థాల (లెసిథిన్-స్ఫింగోమైలిన్) నిష్పత్తి 2 వస్తే పండినట్టని ఒకప్పుడు చూసేవారు. ఇప్పుడు ఆ పరీక్ష దాదాపు మూలపడింది. ఫలితం బాగున్నా 39 వారాలకు ముందు తీసిన బిడ్డకు ఆయాసం, కామెర్లు, షుగర్ పడిపోవడం ఎక్కువే. వైద్య కారణం లేకపోతే ముహూర్తం 39 వారాల తర్వాతే వెతుక్కోండి.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్, ఇక భయం లేదు, తొమ్మిదో నెలలో కదలికలు ఎలాగూ తగ్గుతాయి.

తగ్గవు. తీరు మారుతుందేమో గానీ, తగ్గకూడదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో 10 కదలికలైనా తెలియాలి. తెలియకపోతే నిన్నటి రిపోర్టు పక్కన పెట్టి, తెల్లారేదాకా ఆగకుండా ఎన్‌ఎస్‌టీకి వెళ్లాలి. జ్యూస్ తాగి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు. తీపి తాగితే ఎన్‌ఎస్‌టీ బాగుపడుతుందన్న దానికి ఆధారం లేదు. ఆ పరీక్షలో 20 నిమిషాల్లో బిడ్డ గుండె వేగం నిమిషానికి 15 చొప్పున, 15 సెకన్లపాటు, కనీసం రెండుసార్లు పెరగాలి. బిడ్డ నిద్రలో ఉంటే పెరగదు, అందుకే 40 నిమిషాలదాకా పెట్టి ఉంచుతారు.