16:8 ఉపవాసంలో కొలతలు: అపోహలు - వాస్తవాలు

రోజులో 16 గంటలు ఏమీ తినకుండా, మిగతా 8 గంటల్లోనే భోజనం ముగించే పద్ధతి ఇప్పుడు చాలా ఇళ్లలోకి వచ్చేసింది. మొదలుపెట్టిన మర్నాటి నుంచే తూకాలు, షుగర్ పరీక్షలు కూడా మొదలవుతాయి. చిక్కు అక్కడే. ఉపవాసం ఒంట్లోని నీటినీ, ఉప్పునూ, హార్మోన్లనూ కదిలిస్తుంది. మెషీన్ మీద, స్ట్రిప్ మీద కనిపించే అంకెలను కదిలించేవీ అవే. ఈ సంగతి తెలియక మంచి మార్పు వస్తున్నా మధ్యలో మానేసేవాళ్లున్నారు. హాని జరుగుతున్నా అంకె తగ్గిందని సంతోషించేవాళ్లూ ఉన్నారు. మాకు ఎక్కువ భయం ఈ రెండోవారి గురించే.

అపోహ: మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను, కొవ్వు కరుగుతోంది.

వాస్తవం: పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో సుమారు 400-500 గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ప్రతి గ్రామూ తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తక్కువ తింటూ ఆ నిల్వ వాడుకుంటే నీరూ పోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట ఇంకొంత నీరు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకు 500 కేలరీలు తగ్గించి తిన్నా అది పదిహేను రోజుల పని. ఆదివారం బిర్యానీ, సోమవారం ఆవకాయ, అప్పడాలతో అన్నం తిన్నాక మంగళవారం కిలో పెరిగితే కంగారు పడనక్కర్లేదు. వెళ్లిన నీరే తిరిగొచ్చింది.

తూకం చూసేది పొద్దున లేచి, మలమూత్రాలు అయ్యాక, మంచినీళ్లయినా తాగకముందు. రోజూ ఒకేలాంటి పలచని బట్టలతో చూడండి. మెషీన్‌ను చాప మీదో కార్పెట్ మీదో పెడితే అంకె తప్పుతుంది, గచ్చు మీద పెట్టండి. రోజూ రాసుకోండి కానీ ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకండి. ఏడు రోజులవి కూడి ఏడుతో భాగించి, ఆ సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నెలసరికి ముందు ఒంట్లో నీరు నిలుస్తుంది కాబట్టి ఆడవాళ్లు ఈ వారాన్ని పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోవాలి. సగటు వారానికి పావు కిలో నుంచి అర కిలో తగ్గుతుంటే బాగా సాగుతున్నట్టే. వారం వారం కిలోన్నర దాటి తగ్గుతుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది, తిండి పెంచాలి.

అపోహ: ప్యాంటు సైజు మారలేదు, అంటే పొట్ట తగ్గలేదు.

వాస్తవం: మగవాళ్లలో చాలామంది ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు. పొట్ట ఎంత పెరిగినా, ఎంత తగ్గినా ఆ సైజు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. కొలవాల్సిన చోటు వేరు. పక్క నుంచి చూస్తే చిట్టచివరి పక్కటెముక ఒకటి, తుంటి ఎముక పైఅంచు ఒకటి చేతికి తగులుతాయి. ఆ రెండింటి మధ్యభాగంలో పెన్నుతో గుర్తు పెట్టి, కుట్టుమిషను వాళ్లు వాడే టేపును నేలకు సమాంతరంగా చుట్టండి. పొట్ట లోపలికి లాగొద్దు. మామూలుగా ఊపిరి వదిలాక, చర్మం నొక్కుకోకుండా చూసి రాయండి. రెండుసార్లు కొలవండి, తేడా సెంటీమీటరు దాటితే మూడోసారి. రెండు వారాలకోసారి చాలు. భారతీయుల్లో మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ. హద్దు. ఎత్తులో సగం మించకూడదన్న లెక్క కూడా గుర్తుంచుకోవడానికి తేలిక. బరువు నిలిచిపోయినట్టు కనిపించే వారాల్లో తూకం చెప్పని మాట చాలాసార్లు ఈ టేపు చెబుతుంది.

అపోహ: 16 గంటలు తినకపోయినా పరగడుపు షుగర్ పెరిగింది. నాకు ఉపవాసం పడదు.

వాస్తవం: ఉపవాసం మానేసేవాళ్లు చెప్పే కారణాల్లో ఇదొకటి. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ అనే హార్మోన్లు పెరిగి, లేచి తిరగడానికి కావలసిన గ్లూకోజును కాలేయం చేత రక్తంలోకి వదిలిస్తాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో ఆ గ్లూకోజు పేరుకుంటుంది. రాత్రి 10కి తిన్నా, సాయంత్రం 6కే ముగించినా ఇది జరుగుతుంది.

కొలిచే వేళ కూడా తేడా తెస్తుంది. ఫాస్టింగ్ షుగర్‌కు 8 గంటల ఖాళీ కడుపు చాలు. "ఎలాగూ ఉపవాసమే కదా" అని పదహారో గంటకు ల్యాబ్‌కు వెళ్లి, ఆ అంకెను ఉపవాసానికి ముందు పదో గంటకు ఇచ్చిన పాత రిపోర్టు పక్కన పెడితే పోలిక కుదరదు. ప్రతిసారీ లేచిన అరగంటలోపు, 10 నుంచి 12 గంటల ఖాళీ మీద చూడండి. గ్లూకోమీటర్ ప్రమాణాలే 100 లోపు 15 పాయింట్ల తేడాను, ఆపైన 15 శాతం తేడాను ఒప్పుకుంటాయి. కాబట్టి నిన్న 104, ఇవాళ 112 వస్తే అది మార్పే కాదు. మామిడిపండు తిన్న వేలిని కడగకుండా గుచ్చితే మాత్రం అంకె ఎగిరిపోతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వేలి పక్కభాగంలో గుచ్చండి.

దీనికంటే విలువైన కొలత, ఉపవాసం విడిచిన మొదటి భోజనం తర్వాతది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి రెండు గంటలు లెక్కించి చూడండి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు పొద్దున టిఫిన్ మానేస్తే, మధ్యాహ్న భోజనం తర్వాత షుగర్ మామూలుకంటే ఎక్కువ ఎగరడం పరిశోధనల్లో కనిపించింది. మీలో అదే జరుగుతుంటే తినే వేళను ముందుకు జరపండి: పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లేదా 9 నుంచి 5.

మూడు నెలల ఫలితానికి హెచ్‌బీఏ1సీ ఉంది, అంటే ఆ కాలపు సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష. నెలకోసారి చేయించడం డబ్బు దండగ, ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి అంకె అంత త్వరగా కదలదు. ఒంట్లో ఇనుము లోపిస్తే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్ని నమ్మకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. షుగర్‌కు గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుతో మోతాదు మార్పించుకోకుండా ఉపవాసం మొదలుపెట్టకూడదు. షుగర్ 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపేయాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది: షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటర్ మంచి అంకె చూపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అపోహ: కీటోన్ స్ట్రిప్ రంగు ఎంత ముదిరితే అంత కొవ్వు కరిగినట్టు.

వాస్తవం: కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లను ఈ స్ట్రిప్ మూత్రంలో చూస్తుంది. ఆ రంగు మూత్రం ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. నీళ్లు తక్కువ తాగితే ముదురు, రెండు గ్లాసులు తాగితే లేత. తినే వేళల్లో అన్నం తినే మనిషికి 16 గంటల్లో రంగు దాదాపు మారదు, అయినా కొవ్వు తగ్గుతూనే ఉండవచ్చు. ఈ స్ట్రిప్‌లు కొనకండి.

అపోహ: యాప్‌లో 16 గంటలు దాటగానే ఆటోఫేజీ మొదలైనట్టు చూపిస్తోంది.

వాస్తవం: కణాలు తమలోని పాత భాగాలను తామే కరిగించి వాడుకునే ఈ ప్రక్రియ మీద యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసింది ఈస్ట్ కణాల మీద. మనిషిలో అది ఏ గంటకు ఎంత జరుగుతోందో చూపే ఇంటి పరీక్ష ఏదీ లేదు. మామూలు ల్యాబుల్లోనూ లేదు. యాప్‌కు తెలిసింది మీరు బటన్ నొక్కిన సమయం ఒక్కటే.

అపోహ: గంటలు పాటిస్తే చాలు, ఏం తిన్నామో రాయక్కర్లేదు.

వాస్తవం: చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది మీద ఏడాదిపాటు జరిగిన ప్రయోగం 2022లో ప్రచురితమైంది. కేలరీలు తగ్గించి, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నవాళ్లు సగటున 8 కిలోలు తగ్గారు. అన్నే కేలరీలు ఏ వేళనైనా తిన్నవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకాల లెక్కలో నిలబడేంత లేదు. గడియారం తిండిని తగ్గించడానికి సాయం చేస్తుంది, అంతకుమించి కాదు. ఏకాదశి నాడు అన్నం మానేసి ఉప్మా, అటుకులు కడుపునిండా తినడం మనకు కొత్త కాదు. 16:8లోనూ ఆ పొరపాటు సులువుగా జరుగుతుంది.

రాయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మొదటి ముద్ద వేళ, చివరి ముద్ద వేళ. పాలు, పంచదార కలిపిన కాఫీ తాగితే ఆ క్షణమే మొదటి ముద్ద. నూనెను నెల లెక్కన చూడండి: నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లయితే మనిషికి రోజుకు 25 మి.లీ., అంటే 200 కేలరీలకు పైనే. మాంసకృత్తుల లెక్క మాత్రం తప్పనిసరి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సూచిస్తోంది. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6-7, కప్పు పెరుగులో మరో 6-7 ఉంటాయి. మూడు పూటల తిండి రెండు పూటలైతే ఈ లెక్క తేలిగ్గా సగానికి పడిపోతుంది.

పడిపోతే కరిగేది కండ. 2020లో అమెరికాలో 116 మంది మీద వచ్చిన 16:8 ప్రయోగంలో, బరువు తగ్గింది కిలో లోపే అయినా అందులో కండ వాటా ఎక్కువగా ఉండటం పరిశోధకులను కలవరపెట్టింది. దీన్ని కనిపెట్టడానికి ఒంట్లోకి స్వల్ప కరెంటు పంపి కొవ్వు శాతం చెప్పే మెషీన్లను నమ్ముకోకండి. నీరు తగ్గిన ఒంట్లో అవి కొవ్వును ఎక్కువ చేసి చూపిస్తాయి. చేతుల్లేని గట్టి కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో నెలకోసారి రాయండి. బరువు తగ్గుతూ ఈ సెకన్లు పెరుగుతుంటే పోతున్నది కొవ్వు కాదు. పెద్దవాళ్లకు 15 సెకన్లు దాటితే కండబలం తగ్గినట్టే.

అపోహ: నెల తిరగగానే కొలెస్ట్రాల్ చూస్తే ఫలితం తెలుస్తుంది.

వాస్తవం: బరువు వేగంగా తగ్గేటప్పుడు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), యూరిక్ యాసిడ్ రెండూ కొంతకాలం పెరగవచ్చు. బరువు నిలకడ పడ్డాక, మూడు నెలలకు చేయించండి. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

బీపీ మాత్రం మొదటి వారం నుంచే చూడాలి. మాత్రలు వాడేవాళ్లకు నీరు, ఉప్పు తగ్గితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. కాఫీకి ముందు, 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు తీయండి. తర్వాత లేచి నిలబడి మూడు నిమిషాల్లోపు మరోసారి. పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరిగినా ఆ వారమే డాక్టరును కలవండి.

అపోహ: జుట్టు రాలడం, నెలసరి తప్పడం మామూలే, ఒళ్లు అలవాటు పడుతోంది.

వాస్తవం: నెలసరి తప్పితే ఉపవాసం ఆపండి, గర్భం కాదని తేల్చుకుని డాక్టరును కలవండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, తక్కువ బరువున్నవాళ్లు, తిండి విషయంలో మానసిక ఇబ్బందులున్నవాళ్లు దీని జోలికి వెళ్లనే కూడదు. జుట్టు వెంటనే రాలదు, తిండి తగ్గిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలుతుంది. అందుకే కొలతలు రాసుకున్న పుస్తకంలో వెనక్కి వెళ్లి, ఆ నాటి వారాల్లో బరువు ఎంత వేగంగా తగ్గిందో, మాంసకృత్తులు ఎంత తిన్నారో చూడండి. ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టి ఉంటే రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేదంటే థైరాయిడ్ అంకెలు తప్పుగా వస్తాయి.