టమాట వాడింది... ఏ తెగులు?

పొద్దున నిటారుగా ఉన్న టమాట మొక్క మధ్యాహ్నానికి తల వాల్చి, సాయంత్రం కాస్త తేరుకుని, నాలుగైదు రోజుల్లో ఆకులు పచ్చగా ఉండగానే కూలిపోతుంది. వరంగల్ చుట్టుపక్కల చెల్కల్లో ఏ మొక్క వాడినా "ఎండు తెగులు" అనేసి మందు తెచ్చి పోస్తారు. ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు జబ్బులున్నాయి.

తేల్చుకోవడానికి గాజు గ్లాసు చాలు. అప్పుడే వాడుతున్న మొక్కను పీకి, మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం ముక్క కోసి, కోసిన అంచు తేట నీళ్లలో మునిగేలా వేలాడదీయాలి. కదపొద్దు. గ్లాసు వెనక నల్లటి గుడ్డ పెడితే బాగా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని ధార కిందికి జారితే అది రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా పని. పూర్తిగా ఎండిన మొక్కను కోస్తే ధార రాకపోవచ్చు, అక్కడే చాలామంది పొరపడతారు.

ధార లేకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం చీల్చితే లోపల గోధుమ రంగు చారలుంటే ఫ్యుజేరియం శిలీంద్రం అనుకోవచ్చు. కాండం మొదలు చుట్టూ తెల్ల బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే స్క్లెరోషియం అనే ఇంకో శిలీంద్రం.

కార్బెండజిమ్ అనే శిలీంద్రాల మందు శిలీంద్ర కణాల విభజనను ఆపుతుంది. బ్యాక్టీరియాకు దానితో పనిలేదు, కాబట్టి పోసిన డబ్బు మట్టిపాలే. బ్యాక్టీరియా నీళ్లు మోసే నాళాల్లోనే పెరిగి వాటిని మూసేస్తుంది. ఆ మొక్క ఇక దక్కదు, వేళ్లతో సహా తీసి కాల్చాలి. పక్క మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయొచ్చు, మహా అయితే వ్యాప్తి నెమ్మదిస్తుంది. పారే నీరు, పార, నులిపురుగులు చేసిన గాయాలు దీనికి దారులు. టమాట తర్వాత వంగ, మిర్చి వేస్తే పంట మార్చినట్టు కాదు, అవన్నీ ఒకే కుటుంబం. మక్క గానీ, నీళ్లుంటే వరి గానీ వేయాలి.

శిలీంద్రాలకైతే ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం బాగా పనికొస్తుంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల పొడి కలిపి, తడిపి, నీడలో గోనె సంచి కప్పాలి. పచ్చి పెంటలో కలిపితే ఆ వేడికే చస్తుంది. కార్బెండజిమ్ తగిలినా అంతే. వారం పది రోజులకు కుప్ప మీద పచ్చటి బూజు కమ్మితే నాటే ముందు దుక్కిలో చల్లొచ్చు. కమ్మకపోతే ప్యాకెట్ మీద తేదీ చూడండి.